ఆశ్రయం లేని వస్తువు ఉందా? ప్యాకేజీ వ్యవస్థలపై తాత్త్విక విచారణ

ఒక వస్తువు తన స్వభావబలంతో నిలుస్తుందా, లేక అనేక కారణాల కూడిక వల్లనే ఉనికి పొందుతుందా అన్న ప్రశ్న కృష్ణా డెల్టాకు కొత్తది కాదు. అలెగ్జాండర్ రీ 1894లో వెలువరించిన గ్రంథంలో భట్టిప్రోలుతో పాటు వర్ణించిన గుడివాడ, ఘంటసాల స్తూపాలు ఈ నేలలో బౌద్ధం వేళ్లూనిందనడానికి సాక్ష్యాలు. కారణాలను ఆశ్రయించకుండా ఏదీ పుట్టదనే ప్రతీత్యసముత్పాదం ఆ మతానికి మూలసిద్ధాంతం. లినక్స్ వంటి ఓపెన్‌సోర్స్ వ్యవస్థలలో సాఫ్ట్‌వేర్‌ను కూర్చి, చేరవేసి, స్థాపించే ప్యాకేజీ పద్ధతుల తారతమ్యం తేల్చడానికీ ఈ సిద్ధాంతం గీటురాయి కాగలదు.

గుడివాడ సమీపంలోని నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావును తలపించే ‘ఎన్‌టీఆర్’ ఫాంటు, దివిసీమలో అందరూ ఎరిగిన ఇంటిపేరు గల ‘మండలి’ ఫాంటు సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడి, లినక్స్ పంపిణీలలో ఒకటైన డెబియన్‌లో ‘తెలుగు విజయం’ ఫాంట్ల ప్యాకేజీలో చేరాయి. అయితే ఫాంటు ఫైలు ఒక్కటే ఉంటే మచిలీపట్నంలోని కంప్యూటరు తెరమీద తెలుగు కుదురుగా నిలవదు. ఒత్తులను, గుణింతాలను వాటి చోట అమర్చే హార్ఫ్‌బజ్, అక్షరాల గీతలను తెర చుక్కలుగా మార్చే ఫ్రీటైప్ వంటి లైబ్రరీలు, అనగా అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే కోడు భాగాలు, తోడు కావాలి. ఇలా ఒకదానికి మరొకటి అవసరం కావడాన్నే డిపెండెన్సీ అంటారు.

1993లో ఆరంభమైన డెబియన్ ఈ ఆశ్రయాన్ని ఉమ్మడి వ్యవహారంగా చూస్తుంది: సాధారణంగా లైబ్రరీ ఒకే ప్రతిగా ఉంటుంది, ప్రోగ్రాములన్నీ దానిని పంచుకొంటాయి. 2014లో, సందేశాలను గుప్తీకరించే లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఆ లైబ్రరీ ఒక్కదాన్ని సరిచేయడంతో దానిని పంచుకొనే ప్రోగ్రాములన్నిటికీ రక్షణ చేకూరింది. అదే ఉమ్మడితనం వల్ల 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో దురుద్దేశంతో చొప్పించిన కోడు, పరీక్షాదశలోని విడుదలలలో, దూరం నుంచి కంప్యూటరులోకి ప్రవేశం కల్పించే ఎస్‌ఎస్‌హెచ్ దాకా చేరగలిగింది. యాప్‌ఇమేజ్ వంటి పద్ధతులు కావలసినవాటిలో అధికభాగాన్ని ఒకే మూటగా కట్టి స్వయంసమృద్ధిని కోరుతాయి. కాని లోపలి లైబ్రరీలో దోషం పుడితే ప్రతి మూటనూ దాని కర్త విడిగా సరిచేయవలసిందే కనుక, ఇక్కడ ఆశ్రయం తొలగలేదు, చూపుకు మరుగైంది.

ఎల్కో డోల్‌స్ట్రా 2006 నాటి తన డాక్టరేటు సిద్ధాంతవ్యాసంలో వివరించిన నిక్స్ పద్ధతి వేరు. సోర్సుకోడు, దానిని యంత్రభాషలోకి మార్చే కంపైలరు, లైబ్రరీలు, నిర్మాణ ఆదేశాలు అన్నిటి నుంచి గణించిన హ్యాష్ అనే సంకేతం ప్యాకేజీ చిరునామాలో భాగమవుతుంది. ఏ ఒక్కటి మారినా కొత్త ప్యాకేజీ పుట్టి పాతదాని పక్కన నిలుస్తుంది. కారణసముదాయమే వస్తువుకు గుర్తింపు అన్న భావన ఇక్కడ ఆచరణలోకి వచ్చింది. అయితే బౌద్ధ దార్శనికుడు నాగార్జునుని మూలమధ్యమకకారిక కార్యానికి లేని స్వభావం కారణాలకూ లేదంటుంది. కంపైలరును నిర్మించడానికీ కంపైలరే కావాలి. ఆ తొలి కంపైలరును నమ్మడమెలా అన్న చిక్కును కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కెన్ థాంప్సన్ 1984లో చూపించాడు. కారణానికి కారణం వెదుకుతూ అంతు దొరకకపోవడాన్ని న్యాయదర్శనం అనవస్థాదోషం అంటుంది. నిక్స్ పద్ధతినే అనుసరించే గీక్స్ ప్రాజెక్టు 2023లో 357 బైట్ల బీజం నుంచి మొదలుపెట్టి కంపైలర్ల దాకా సోర్సు నుంచే నిర్మించగలిగినా, ఆ బీజాన్ని నడపడానికీ ఆపరేటింగ్ వ్యవస్థకు కేంద్రభాగమైన కెర్నెలు, ప్రాసెసరు ఉండవలసిందే. ఇక్కడ సాధించినది ఆశ్రయరాహిత్యం కాదు, మనిషి చదివి పరీక్షించగలిగినంత చిన్న ఆశ్రయం.

బౌద్ధంలో కారణాల వరుసను గుర్తించడం లోకాన్ని వర్ణించడానికి మాత్రమే కాదు, దుఃఖకారణాన్ని పట్టుకొని తొలగించడానికి. ప్యాకేజీ వ్యవస్థలను తూచవలసిన తీరూ అదే: దోషం పుట్టినప్పుడు దాని మూలం ఎంత స్పష్టంగా కనబడుతుంది, దానిని సరిచేసే పూచీ ఎవరిది. మొదటిదానిలో నిక్స్, గీక్స్ ముందున్నాయి. సరిచేసిన ఒకే ప్రతిని అందరికీ చేర్చే బాధ్యతలో డెబియన్ సంప్రదాయానిది పైచేయి. మూటల పద్ధతి సౌకర్యం ఇచ్చినా, ఈ రెండు పరీక్షలలోనూ వెనుకబడుతుంది.