భూతయజ్ఞం అంటే గింజలు వేయడమేనా?

పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అనగానే మనకి బాల్కనీలో పావురాలకి గింజలు వేయడమే గుర్తొస్తుంది. మా పెదవేగి వైపు నుంచి చూస్తే నాకది చాలదనిపిస్తుంది.

వానాకాలం తమ్మిలేరు, బుడమేరు నీళ్లు కొల్లేరుకే చేరతాయి. చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకలో గూడకొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఎక్కడనుకున్నారు? ఇనుప స్టాండ్ల మీద! చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు పెట్టారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో అది వర్క్‌అరౌండ్. మంచిదే, కానీ అసలు బగ్ అలాగే ఉంది. సరస్సులో చాలా భాగం చేపల చెరువులైపోయింది.

1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పుడు లంక గ్రామాల్లో ఉపాధి పోయినవాళ్లూ ఉన్నారు. మరి పక్షి కోసం మనిషిని వదిలేయొచ్చా? భూతయజ్ఞం పక్కనే మనుష్యయజ్ఞమూ ఉంది కదండీ, ఒకటి చేస్తే రెండోది మాఫీ కాదు. చెరువు చేప తిన్నది ఊరూరా మనమే. ఖర్చు మాత్రం లంకలవాళ్లే భరించాలనడం నాకైతే ధర్మంగా అనిపించదు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్తే, మీ ప్లాస్టిక్ కవర్లు మీరే వెనక్కి తెచ్చుకోండి. అక్కడి పెద్దవాళ్లని ఒకప్పుడు నీళ్లు ఎందాకా ఉండేవో అడగండి.