పొలిమేర తల్లికి పొంగలి ఎవరు పెట్టాలి?

సింగరాయకొండ అనగానే వరాహ లక్ష్మీనరసింహస్వామి గుర్తొస్తాడు. మరి చుట్టుపక్కల పల్లెల్లో వేపచెట్టు నీడన పసుపురాయిగా వెలసిన పోలేరమ్మ? చవితి పందిళ్లకు చందాలు పోగవుతున్న ఈ రోజుల్లో ఆ తల్లిని తలుచుకునేవారు ఎందరు?

మశూచి ఊళ్లను ఊడ్చేసిన కాలంలో ఆమే దిక్కు. ఒంటిమీద పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, పెరుగన్నం, చలిమిడి నైవేద్యం పెట్టి, చల్లగా చూడమని వేడుకునేవారు. టీకాల పుణ్యాన 1977లో మన దేశం నుంచి, 1980 నాటికి భూమ్మీద నుంచే ఆ జబ్బు పోయిందని ప్రకటించారు. భయం తీరడం మంచిదే. భయంతోపాటు తల్లినీ సాగనంపడమే తప్పు.

ఒక తల్లికి పూజ ఎలా ఆగిపోతుందో మరోచోట చూద్దాం. హిందూకుష్ లోయల్లో దిసాని అనే దేవతను కొలిచేవారు. ఇప్పటి అఫ్గానిస్థాన్‌లోని నూరిస్థాన్ అది. విల్లంబులు పట్టిన ఆమె పసిబిడ్డలకు కాపు. గోధుమ పంటను కాచేదీ ఆమేనని, అందుకు జంతుబలి లేని నైవేద్యాలు పెట్టేవారని 1890-91లో అక్కడ గడిపిన బ్రిటిష్ అధికారి జార్జ్ రాబర్ట్‌సన్ రాశాడు. 1895-96లో కాబూల్ అమీరు అబ్దుర్ రహమాన్ సేనలు ఆ లోయలను గెలిచాయి. జనం మతం మారారు, గుళ్లు కూలాయి. పొరుగున చిత్రాల్‌లో కొద్ది వేలమంది కలాషులు మాత్రం తమ పాత దేవతలను నేటికీ కొలుస్తున్నారు. వారిలో కాన్పుల తల్లి దెజాలిక్ ఒకరు.

దిసానికి పూజ ఆగింది దండయాత్రతో. పోలేరమ్మ మీదికి ఏ దండూ రాలేదు. దూరక్షేత్రాలకు బస్సు కట్టించుకునే తీరిక ఉన్నవారికి పొలిమేర దాకా నడిచే తీరిక లేదు. కొలుపులనాడు పొంగలి వంటవాళ్ల కాంట్రాక్టు, తప్పెట్ల చోట డీజే, మొక్కు ఫోన్‌లో పంపే డబ్బు. తల్లి ముందు పొయ్యి రాజేసే చెయ్యేదీ?

వెంకటగిరిలో చవితి తర్వాత జరిగే పోలేరమ్మ జాతర చూస్తే కొలుపంటే ఏమిటో తెలుస్తుంది. అమ్మవారిని ఏటా కొత్తగా మట్టితో చేస్తారు. కుమ్మరి ఇల్లు ఆమెకు పుట్టిల్లు, చాకలి వీధి అత్తిల్లు. ఆడబిడ్డను సాగనంపినట్టే ఊరంతా కదులుతుంది. ఒకరి పని మరొకరు డబ్బిచ్చి చేయించేది కాదు.

చవితికి ఊరొచ్చే పట్నం పిల్లలు ఈసారి ఒక పూట పోలేరమ్మ రాయి దగ్గర గడపాలి. మూడు రాళ్ల పొయ్యి మీద పొంగలి పొంగేదాకా పెద్దవాళ్లు వాళ్లను పక్కనే కూర్చోబెట్టుకోవాలి. మశూచి గురించీ, తాతల భుజాల మీది టీకా మచ్చల గురించీ అక్కడే చెప్పాలి.