దారిలో ఆగాల్సి వచ్చినప్పుడు: అల్ సద్‌లో కొత్తగా చేరిన తమ్ముడికి



ముక్కూ మొహం తెలియని మనిషికి సాయపడే అవకాశం క్రైస్తవ విశ్వాసికి ఎక్కువగా వేరే పని మీద పోతున్నప్పుడే ఎదురవుతుంది. లూకా సువార్త పదో అధ్యాయంలోని సమరయుడు సేవ చేద్దామని ఇంట్లోంచి బయల్దేరలేదు, తన ప్రయాణం తాను చేస్తున్నాడు. దోహాలోని అల్ సద్‌లో ఉండే తెలుగు విశ్వాసికి ఆ ప్రయాణం తరచూ శుక్రవారం ఆరాధనకు పోయేదే. ఖతార్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి పెద్ద ఆరాధనలు శుక్రవారమే జరుగుతాయి. చర్చిలు దోహా దక్షిణాన, అబూ హమూర్ దాటాక మెసైమీర్‌లో ఒకే చోట ఉన్నాయి. అమీర్ ఇచ్చిన స్థలంలో 2008లో ముందుగా కాథలిక్ గుడి తెరుచుకుంది. బయటికి శిలువ కనిపించదు, గంట వినిపించదు.

ఆరాధనకు బయల్దేరినవాడికి అల్ సద్ మెట్రో స్టేషన్‌లో టికెట్ మెషీన్ ముందు ఒక మనిషి కనిపిస్తాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఐడీ కార్డు, మడతలు పడ్డ డాక్టర్ చీటీ. మెషీన్ మీద అరబీ, ఇంగ్లీషు తప్ప మరో భాష లేదు. తెలుగు మాట చెవిన పడగానే ఇటు తిరిగి, "అన్నా, హమద్ దవాఖానకు ఎట్ల పోవాలె?" అంటాడు. ఆ ఆస్పత్రి అక్కడికి దగ్గరే. కానీ అతనికి కావలసింది దారి ఒక్కటే కాదు. ఏ కౌంటర్‌లో నిలబడాలి, చీటీలో ఏముంది, మందు పూటకెన్ని అన్నవి కూడా కావాలి. దారి చెప్పడానికి అర నిమిషం చాలు. తక్కినవాటికి పూటంతా పడుతుంది.

ఆరాధనకు ఆలస్యమవుతుందన్న సాకు ఇక్కడే పుడుతుంది. సమరయుడి ఉపమానంలో, దారిలో గాయపడి ఉన్నవాడిని చూసి పక్కగా వెళ్లిపోయిన యాజకుడికీ అలాంటి తొందరే ఉండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. గ్రీకు మూలంలో మాత్రం అతడు యెరూషలేము, యెరికోల మధ్య దారిన కిందికి దిగుతున్నాడని ఉంది. గుడి ఉన్న యెరూషలేము కొండమీది ఊరు, యెరికో పల్లంలో ఉంది. అంటే అతడు గుడికి పోవడం లేదు, గుడి నుంచి వస్తున్నాడు! 'అనుకోకుండా' అనే మాట కూడా ఆ కథలో యాజకుడి రాకకే వాడారు, సమరయుడి రాకకు కాదు. అవకాశం మొదట ఎదురైంది యాజకుడికే.

ఖర్చు సంగతీ చూడాలి. గాయపడ్డవాడిని చూసుకోమని సమరయుడు పూటకూళ్లవాడికి ఇచ్చినవి రెండు దేనారాలు, ఆ కాలంలో రెండు రోజుల కూలి. 2021 మార్చి నుంచి ఖతార్‌లో అమలైన కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు. ఆ లెక్కన రెండు రోజుల కూలి 70 రియాళ్ల లోపే. దోహా మెట్రోలో మామూలు టికెట్ 2 రియాళ్లు. అల్ సద్‌లో ఆఫీసు ఉద్యోగం చేసేవాడికి ఇవి బరువు కావు. అతనికి బరువనిపించేది సెలవు రోజులో సగం వదులుకోవడం.

సాయంతో పాటు బోధ చేయడం ఇక్కడ కుదరదు. ఇస్లామేతర మత ప్రచారాన్ని ఖతార్ చట్టం జైలుశిక్ష పడే నేరంగా చూస్తుంది. దీన్ని కష్టంగా తలచుకునేవారు ఉన్నారు గానీ, నిజానికి పోయేదేమీ లేదు. సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు. దేవుడి ఊసు ఎత్తినట్టు కథలో ఎక్కడా లేదు.

మంచి మనసుతో పాటు స్థానిక పద్ధతి తెలియడమూ అవసరమే. అనుమతి లేకుండా పదిమంది దగ్గర చందా వసూలు చేయడం, అది చావుబతుకుల్లో ఉన్నవాడి కోసమైనా సరే, నేరమే. రోడ్డు ప్రమాదంలో పడ్డవారిని ఫొటో తీయడమూ నేరమే. అక్కడ చేయవలసింది 999కి ఫోన్. యజమాని ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పనిమనిషిని గదిలో దాచితే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. సంఘంలోని స్త్రీలను తోడిచ్చి భారత రాయబార కార్యాలయానికి పంపడమే దారి. దాని ఆధ్వర్యంలో 1984 నుంచి పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ బెనెవలెంట్ ఫోరం ఇలాంటివి చూస్తుంది. ఊరికి పోయి వచ్చేటప్పుడు ఇతరుల పొట్లాలు మోయడం మరో ప్రమాదం. పచ్చడి సీసా అయినా ఎదుటే విప్పి సర్దుకోవాలి. 2019లో ముంబై దంపతులు బంధువు చేతికిచ్చిన పొట్లంలో హషీష్ దొరికి దోహాలో పదేళ్ల శిక్షకు గురయ్యారు. 2021లో గానీ నిర్దోషులుగా బయటపడలేదు.

అవకాశం దక్కినా చేతులు ఖాళీగా ఉండే రోజులూ వస్తాయి. వేలూరు ఆస్పత్రి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ యువతిగా తల్లి జబ్బుపడిందని తిండివనం వచ్చింది. తిరిగి అమెరికా పోవాలన్నదే ఆమె ఆలోచన. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టి, పురుటి నొప్పుల్లో ఉన్న భార్యను కాపాడమన్నారు. ఆమెకు వైద్యం రాదు. డాక్టరైన తండ్రి వెళతానంటే, మగవాడు వద్దన్నారు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె వైద్యం చదివి వచ్చి 1902లో వేలూరులో ఆస్పత్రి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల నెలకొల్పింది. అల్ సద్‌లోని యువకుడికి అంత పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు అరబీ మాటలు, ఓ మోస్తరు హిందీ, ఆస్పత్రి కౌంటర్ల వరస, రాయబార కార్యాలయం పనివేళలు తెలిసి ఉంటే చాలావరకు సరిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైనది కార్మికుల క్యాంపులో ఒంటరిగా చనిపోయిన మనిషి పని. మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, రాయబార కార్యాలయం అనుమతి, ఆ తర్వాత కార్గో. శంషాబాద్‌లో దిగాక తెలంగాణ ప్రభుత్వ ఉచిత అంబులెన్స్ ఊరికి చేరుస్తుంది. కాగితాల పని తెలిసినవారు దొరుకుతారు. ఇంటికి తెలుగులో కబురు చెప్పేవాడు మాత్రం ఒక్కోసారి దొరకడు. దోహాలో రాత్రి 9 అంటే ఊళ్లో 11:30. కాబట్టి ఆ ఫోను తెల్లారాక చేయాలి. అదీ ముందుగా భార్యకు కాదు, ఆ ఇంటి పక్కనే ఉండే బావకో తమ్ముడికో.


అన్నయ్య