మానేశాక

“మానేశాడు కదా, ఇంకేంటి బాధ?” మత్తు అలవాటు నుంచి బయటపడుతున్న మనిషి ఉన్న ఇంట్లో తరచుగా వినపడే మాట ఇది. దీని వెనక ఒక లెక్క ఉంది: తప్పు చేశాడు, మానేశాడు, ఇక బాగుండాలి. బాగుండలేదంటే అది తను చేసుకున్నదే. “చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత” అని సామెత కూడా సిద్ధంగా ఉంది. ఈ లెక్క న్యాయమైనదేనా అన్నది నా ప్రశ్న.

మా చిత్తూరు, తిరుపతి వైపు మత్తు అంటే సారా, గంజాయి గుర్తొస్తాయి. నొప్పి మాత్రలు గుర్తు రావు. కానీ 2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు, హెరాయిన్, ఆ జాతి నొప్పి మాత్రలు వాడేవాళ్లు సుమారు 2.26 కోట్లు. వాళ్లలో 77 లక్షల మందికి సాయం అవసరం. ట్రమడాల్ మాత్రను 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు తెచ్చింది ఊరికే కాదు. బైక్ యాక్సిడెంట్ తర్వాత నొప్పి పోయినా మాత్ర పోనివాళ్లలో మా పిన్ని కొడుకు ఒకడు.

మాత్రలు ఆపాక ఒళ్లునొప్పులు, వాంతులు పది రోజుల్లో తగ్గాయి. ఇంట్లోవాళ్లు తిరుమల తీసుకెళ్లి మొక్కు తీర్చి, గండం గడిచిందనుకున్నారు. ఆ తర్వాతే నిద్ర పోయింది. పొద్దున లేస్తే గుండెదడ. రాగిసంగటి, ఊరిబిండి ముందు పెట్టినా రుచి తెలియదు. “చచ్చిపోవాలని లేదన్నా, బతకాలని కూడా ఏం అనిపించడంల్యా” అన్నాడొకసారి.

దీనికి కారణం శరీరంలోనే ఉంది. నొప్పిని, ఒత్తిడిని తట్టుకోడానికి మెదడు ఎండార్ఫిన్లను సొంతంగా తయారు చేసుకుంటుంది. అదే పని బయటి మందు రోజూ చేస్తూ ఉంటే ఆ ఏర్పాటు మందగిస్తుంది. మత్తుకు ఎదురు నిలవడానికి ఒత్తిడి వ్యవస్థ మాత్రం జోరు పెంచుకుంటుంది. మందు ఆగిపోయాక ఊరట ఉండదు, జోరు మాత్రం మిగులుతుంది. రెండూ సర్దుకోడానికి నెలలు పడుతుంది. ఆ నెలల దిగులు శిక్ష కాదు, మానుతున్న గాయం. పైగా ఈ దశలో శరీరానికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. తట్టుకోలేక మళ్లీ మొదలెడితే పాత మోతాదే ప్రాణం తీయొచ్చు.

అయితే అతనికి బాధ్యత లేదా? ఉంది. తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి, చెప్పిన అబద్ధాలు ఒప్పుకోవాలి, డాక్టర్ దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లాలి. ఇవి అప్పులు. దిగులు మాత్రం ఎవరి అప్పునూ తీర్చదు. అతను తెల్లవార్లూ మేలుకుంటే వాళ్లమ్మ తాకట్టు పెట్టిన గాజులు ఇంటికి రావు. బాధపడటాన్నే బాధ్యతగా లెక్కేస్తే, నిజమైన అప్పు తీర్చే ఓపిక కూడా అతనికి మిగలదు.

కోలుకోవడం అంటే ఏమిటో మన ఇళ్లకు తెలియక కాదు. కామెర్లు తగ్గినా చాన్నాళ్లు నూనె పెట్టరు. బాలింత కోసం వంటిల్లే మారిపోతుంది. దాన్ని పథ్యం అంటాం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలో, క్షయకు మందులు రాకముందు, విశ్రాంతి, తిండి, మంచి గాలే వైద్యం, అదీ నెలల తరబడి. దగ్గు ఆగలేదని రోగి సంకల్పాన్ని శంకించే వైద్యం కాదది.

మత్తు మానినవాడికి మాత్రం పథ్యం లేదు, ఉపదేశం ఉంది. నా దృష్టిలో ఇంటివాళ్ల వైపు నుంచి ఉండే బాధ్యత ఈ పథ్యమే. రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి ఎవరో ఒకరు తోడు వెళ్లడం. డాక్టర్ బుప్రెనార్ఫిన్ రాస్తే “ఒక మందు మాని ఇంకో మందా” అని ఈసడించకపోవడం. అర్ధరాత్రి భయమేస్తే టెలీ మానస్ 14416 నంబరు ఉందని ముందే చెప్పి ఉంచడం. పొద్దున్నే “ఇంకా ఎందుకలా ఉన్నావు” అనే బదులు “రాత్రి కాస్తయినా నిద్ర పట్టిందా” అని అడగడం.