తెరపై వాలిన జడ

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిలో భామాకలాపం ఆడేవేళ, ఇద్దరు పట్టుకున్న తెర వెనుక నిలిచిన సత్యభామ తొలుత ముఖం చూపదు. పూలతో, బంగారు బిళ్లలతో తీర్చిన నిడుపాటి జడను తెరమీదుగా జారవిడుస్తుంది. నాట్యవిద్యలో తనను గెలవగలవారుంటే ఈ జడను కోయవచ్చునని సవాలు చేయడమే ఆ చేష్టకు అర్థమని సంప్రదాయం. బాహ్యదృష్టికి అది సౌందర్యగర్వం. అంతర్దృష్టికి తెర అవిద్య, మరుగున ఉన్నది ఆత్మస్వరూపం, లోకానికి ముందుగా కనిపించే జడ సర్వాలంకారభూషితమైన అహంకారం.

స్థానిక పాలకుడైన సంబెట గురవరాజు దౌర్జన్యాన్ని విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ఎదుట కూచిపూడి భాగవతులు కేళికగా ఆడి చూపారని మాచుపల్లి కైఫీయతు అనే స్థానిక చరిత్ర చెబుతుంది. పరుల దర్పాన్ని రాజు ముందు బయటపెట్టిన ఆ విద్యనే భామాకలాప కర్త సిద్ధేంద్రయోగి అంతర్ముఖం చేసి, స్వీయదర్పాన్ని శ్రీకృష్ణుని ముందు ఆవిష్కరించే సాధనంగా మలిచాడు. గ్రామంలోని బ్రాహ్మణ కుటుంబాల ప్రతి పురుషుడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆయన నియమించాడన్న ఐతిహ్యంలోని రహస్యమిదే: పరమపురుషుడు ఒక్కడే కాగా, తక్కిన జీవులందరూ ఆయన విరహంలో నాయికలే. వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి మహానటులు ఆ వేషంతో తాదాత్మ్యం చెందినప్పుడు, పురుషాభిమానం కరిగి భక్తి మిగిలింది.

అయితే కలాపం ముగిసేలోగా ఆ జడను ఎవరూ కోయరు. విరహతప్తయైన భామ శ్రీకృష్ణునికి లేఖ వ్రాసి చెలికత్తె మాధవి చేతికిస్తుంది. మాధవి ప్రతిఫలంగా ఆమె ముక్కెరనే కోరుతుంది. తక్కిన నగలేవైనా ఇస్తానని వేడుకొని, తటపటాయించి, చివరకు అత్యంత ప్రియమైన ఆ ఆభరణాన్ని తన చేతులతోనే తీసి ఇచ్చిన తరువాతనే ప్రభువు సన్నిధి ఆమెకు చేరువవుతుంది. మాధవి గురుస్థానీయ, ముక్కెర మమకారానికి చివరి ముడి. అహంకారాన్ని బలాత్కారంగా ఛేదించగల ఆయుధం లేదనీ, ప్రేమవశుడైన జీవుడు స్వయంగా సమర్పించినప్పుడే అది తొలగుతుందనీ ఈ ఘట్టం బోధిస్తున్నది.

గోల్కొండ ప్రభువు తానీషా ఈ విద్యకు మెచ్చి 1678 ప్రాంతంలో గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. దానపత్రం భూమిని రక్షించగలదేమో కాని విద్యను రక్షించలేదు. తండ్రి తన దేహంలో నిలుపుకొన్నదాన్ని కుమారుని దేహానికి ధారపోయడం, శిష్యుడు తన అభిమానాన్ని గురుపాదాల చెంత విడిచి దానిని గ్రహించడం, ఈ రెండు సమర్పణలు నిరంతరం సాగినంతకాలమే వారసత్వం సజీవం. గజ్జె కట్టే ప్రతి బాలుడూ, ప్రతి బాలికా అభ్యసించవలసిన ప్రథమపాఠం ఆ సమర్పణమే. అడుగులూ జతులూ దాని వెంట వస్తాయి.