యంత్రసేవకుని వలన ఏమి ఆశింపవచ్చును?



గోపురము కట్టబూనిన మనుష్యుని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. పునాది వేయకముందే ఖర్చు లెక్క చూచుకొననివాడు సగము గోడ లేపి నవ్వులపాలగును. ప్రభువు చెప్పినది శిష్యత్వమును గూర్చియే. అయినను లెక్క చూచుకొను బుద్ధి అంగడిలో కూడ మనకు అక్కర. ఇప్పుడు మన ఇండ్లలోనికి రోబోలు వచ్చుచున్నవి గనుక వాటి లెక్క కొంత చూతము.

రోబో అను మాట 1920లో కారెల్ చాపెక్ అను చెక్ రచయిత వ్రాసిన నాటకమునుండి వచ్చినది. వారి భాషలో దాని మూలపదమునకు వెట్టిచాకిరి అని అర్థము. వెట్టి అనగా ఏమిటో మన పల్లెలకు వేరుగా చెప్పనక్కరలేదు. మనుష్యుడు చేయు వెట్టిని యంత్రము చేసిన యెడల మేలే. తిరుగలి పోయి పిండిమర వచ్చినప్పుడు మన తల్లుల చేతులకు కలిగిన విశ్రాంతిని మేము దేవుని దయగానే ఎంచుచున్నాము.

అయితే యంత్రము ఏమి చేయలేదో కూడ తెలిసికొనవలెను. 2002లో అమెరికాలో ఐరోబోట్ కంపెనీ 'రూంబా' అను ఊడ్చు యంత్రమును తెచ్చెను. గుండ్రని పళ్లెము వంటి ఆ యంత్రము నేలమీది దుమ్మును లాగుకొనును. మెట్లు ఎక్కలేదు, ఎత్తైన గడప దాటలేదు. నేలమీద పడియున్న తీగెలను, పిల్లల బట్టలను ముందుగా మనమే తీయవలెను. (ఆ కంపెనీయే 2025 డిసెంబరులో దివాలా పిటిషను వేసెను.) హాన్స్ మొరావెక్ అను శాస్త్రజ్ఞుడు 1988లోనే ఒక వింత సంగతి వ్రాసెను. చెకర్స్ ఆట వంటి పెద్దల తెలివి యంత్రమునకు నేర్పుట సులభమట. ఏడాది బిడ్డకున్న చూపు, నడక నేర్పుట కష్టమట. 2025లో 20,000 డాలర్ల వెలకు 'నియో' అను మనుష్యాకార రోబోను ప్రకటించినవారు, దానికి రాని పనులను యజమాని అనుమతితో దూరమున కూర్చున్న మనిషి దాని కన్నులద్వారా చూచి చేయించునని తెలిపిరి. ఇంటిలోనికి చూచు ఆ పరాయి కన్నులు కూడ మన లెక్కలో చేరవలెను.

'మాక్సీ' సంగతి మమ్మును ఎక్కువగా బాధించినది. అమెరికాలో దానిని పిల్లలకు స్నేహితునిగా అమ్మిరి. 2024 డిసెంబరులో డబ్బు చాలక కంపెనీ మూతపడుచున్నదని ప్రకటించిరి. దాని మాటలు దూరపు కంప్యూటర్లనుండి వచ్చునవి గనుక బొమ్మ మూగబోవునని తెలిసెను. బిడ్డలకు ఆ వార్త ఎట్లు చెప్పవలెనో తల్లిదండ్రులకు కంపెనీయే ఒక ఉత్తరము పంపెను! దానిని నిలుపుకొను ఉపాయమొకటి తరువాత వారే చూపిరి గాని, ఆ ఉత్తరము చదివి వినిపింపవలసిన తల్లిని తలంచుకొనుడి.

కాబట్టి కొనబోవువారు అంగడివానిని అడుగుడి: ఇంటర్నెట్ లేనప్పుడు ఇది పనిచేయునా? బాగుచేయువాడు మన ఊరిలో ఉన్నాడా? ఏటేటా కట్టవలసిన రుసుము ఎంత?

దూరదేశములలోనున్న మన బిడ్డలతో మరియొక మాట. ఇక్కడ ఒంటరిగానున్న అమ్మకు మాట్లాడు స్పీకరు పంపుదురు, మంచిదే. మాత్రల వేళ అది గుర్తుచేయును, అడిగిన పాట పాడును. కాని ఆమె మోకాలినొప్పి సంగతి వినుటకు దానిని నియమించితిమని అనుకొనకుడి. సిలువమీద అంత వేదనలో మన ప్రభువు తన తల్లిని ఒక మనుష్యునికి అప్పగించెను. అతడు ఆమెను తన యింటికి తీసికొనిపోయెను. మీకు రాను వీలుకానిచో సంఘములో ఒకరికి చెప్పుడి, వారానికొకసారి వెళ్లి కూర్చుందురు. శనివారము సాయంత్రము ఫోను చేయుదుమని చెప్పిన యెడల శనివారమే చేయుడి. ఆమె ఆనాడు భోజనము ముందే ముగించుకొని ఫోనునొద్ద కూర్చుండియుండును.