లెంపలు వేయించని దేవుడు

కార్తిక పున్నమి వచ్చిందంటే చాలు, డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగువాళ్ల గుళ్లలో ప్రమిదలు బారులు తీరతాయి. ఇండియన్ స్టోర్లో కొన్న 365 వత్తుల కట్ట నేతిలో నానుతూ ఉంటుంది. ఏడాది పొడుగునా దీపం పెట్టడం కుదరలేదు కనుక రోజుకో వత్తి చొప్పున బాకీ అంతా ఒక్క సాయంత్రంలో చెల్లు! వెలుగు కన్నులపండువగానే ఉంటుంది. ఎటొచ్చీ ఆ లెక్క దగ్గరే చిక్కు.

అదే పున్నమి గురునానక్ జయంతి కూడా. 1469లో పుట్టిన ఆ మహానుభావుడు, సిక్కుల మొదటి గురువు, దేవుణ్ణి గురించి చెప్పిన మాటల్లో ఈ బాకీల పద్దుకు చోటు లేదు.

తెలుగింట్లో పిల్లాడి కాలు పొరపాటున పుస్తకానికి తగిలితే చాలు, "లెంపలేసుకో, కళ్లు పోతాయి" అంటుంది బామ్మ. అట్లాంటాలో పుట్టి నాలుగు తెలుగు ముక్కలు కూడబలుక్కునే పిల్లలకు కూడా ఈ మాట కంఠతా వచ్చు. నాన్న ఫోన్లో ఇంకో రకం: ఈ సందేశం పదకొండు మందికి పంపితే శుభవార్త, తుడిపేస్తే అరిష్టం. ఎంత చదువుకున్న ఇంజనీరైనా, ఎందుకైనా మంచిదని పంపేస్తాడు. హెచ్‌1బీ కాగితాల మీద ఇమ్మిగ్రేషన్ వాళ్లు కొర్రీ వేస్తే, చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు బాకీ ఉండిపోయినందుకేనని అమ్మకు బెంగ. అన్నీ భక్తి ఖాతాలోనే. కక్ష కట్టే పై అధికారి దగ్గర వణకడానికీ దీనికీ తేడా ఏమిటంటే మాత్రం చెప్పేవాళ్లుండరు.

సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ సాహిబ్ తెరిస్తే మొట్టమొదట కనిపించేది అక్షరం కాదు, అంకె. ఒకటి. దాని పక్కన ఓంకారం. ఓంకారం మనకు కొత్త కాదు; దాని ముందు అంకె నిలబెట్టడం కొత్త. మాటకైతే బహువచనం ఉంటుంది, ఒకటి అనే అంకెకు ఎక్కడిది? ఆ వెంటనే దేవుడి లక్షణాలు. సృష్టికి కర్త, కాలానికి అందనివాడు, పుట్టుక లేనివాడు. వాటి నడుమ రెండు మాటలు: నిర్భౌ, నిర్వైర్. భయం లేనివాడు, పగ లేనివాడు. నిఘంటువు తిరగెయ్యక్కర్లేదు, తెలుగు చెవికి అర్థమైపోతాయి.

పుట్టుక లేదన్నారు కనుక సిక్కులకు అవతారాల పూజ లేదు, విగ్రహమూ లేదు. అయినా 1430 పుటల ఆ గ్రంథంలో రామ, హరి, గోపాల అన్న పేర్లూ, అల్లా, ఖుదా అన్న పేర్లూ ఆ ఒక్కడికే చెల్లాయి. పండరి విఠలుడి భక్తుడు నామదేవుడి పదాలకూ అందులో చోటు దొరికింది.

ఆ గ్రంథమే ఇక గురువని పదో గురువు గోబింద్ సింగ్ 1708లో ప్రకటించింది మన గోదావరి ఒడ్డునే, నాందేడ్‌లో. బాసరలో మన పిల్లలు అక్షరాలు దిద్దే చోటుకు కాస్త ఎగువన. ఆ ఘట్టానికి గుర్తుగా ఇప్పుడు ఏటా నవంబరు మొదటి ఆదివారం కాలిఫోర్నియాలోని యూబా సిటీలో ఊరేగింపు జరుగుతుంది. 1980లో మొదలైంది. పూలతో అలంకరించిన బండి మీద గ్రంథం కదులుతుంటే వెనక వేలాది జనం, దారి పొడుగునా ఉచిత భోజనం. పుస్తకానికి మర్యాద చెయ్యడం సిక్కుల దగ్గరే చూడాలి: పైన చాందినీ కడతారు, వింజామర వీస్తారు, రాత్రయితే పవళింపజేస్తారు. కళ్లు పోతాయన్న బెదురుతో చేసే సేవ కాదది.

పగలేని దేవుడు మన పురాణాలకు తెలియనివాడేమీ కాదు. శిశుపాలుడి కథే చూడండి. నూరు తప్పులు కాచాడు కృష్ణుడు. జనానికి గుర్తుండిపోయింది ఆ నూరు లెక్కా, ఆపైన పడిన చక్రమూ. తల తెగాక శిశుపాలుడిలోంచి లేచిన తేజస్సు కృష్ణుడిలోనే కలిసిందని భాగవతం చెబుతుంది. పురాణం చెప్పేవాళ్లు ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి గడియారం చూసుకుంటారు.

అమెరికాలో సిక్కులకు ఈ నిర్వైరం పుస్తకంలోనే ఉండిపోలేదు. 2001 సెప్టెంబరు 15న, న్యూయార్క్ టవర్లు కూలిన నాలుగో రోజున, అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీని ఆయన పెట్రోలు బంకు ముందే ఒకడు కాల్చి చంపాడు. తలపాగా, గడ్డం చూసి టవర్లు కూల్చినవాళ్ల తాలూకు మనిషని పొరబడ్డాడు. టవర్ల బాధితుల సహాయనిధికి జేబులో ఉన్నదంతా ఇచ్చి వచ్చిన రోజే అది. మరుసటి ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో టాక్సీ నడుపుతున్న సోదరుడు సుఖ్‌పాల్ కూడా తుపాకీ గుండుకే పోయాడు. ఇంకో సోదరుడు రాణా 2016లో, అంటే పదిహేనేళ్ల తర్వాత, జైల్లో ఉన్న ఆ హంతకుడితో ఫోన్లో మాట్లాడాడు. అతను తప్పయిపోయిందన్నాడు. తాము ఎప్పుడో క్షమించేశామని రాణా చెప్పాడు. శిక్ష సంగతి చట్టం చూసుకుంది. మరణశిక్ష యావజ్జీవంగా మారింది, అతను 2022లో జైల్లోనే పోయాడు. తలపాగా లేకపోయినా తెలుగువాడైన కూచిభొట్ల శ్రీనివాస్‌ను 2017లో కాన్సాస్‌లో ఇలాగే కాల్చేశాక, ఆ భయం తెలుగు గడపల్లోకీ వచ్చింది.

విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో 2012 ఆగస్టు 5, ఆదివారం. ఆడవాళ్లు లంగర్‌కు, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనానికి, వంట చేస్తున్నారు. శ్వేతజాతి ఉన్మాది ఒకడు తుపాకీతో వచ్చి ఆరుగురిని చంపాడు. ఆ తూటా దెబ్బకు పక్షవాతంతో మంచాన పడ్డ ఏడో మనిషి 2020లో కన్నుమూశారు. చనిపోయినవాళ్లలో గురుద్వారా అధ్యక్షుడు సత్వంత్ సింగ్ కాలేకా ఒకరు. ఆయన కొడుకు పర్‌దీప్ వెతుక్కుంటూ వెళ్లి మాట్లాడింది ఎవరితోననుకున్నారు? ఒకప్పుడు అలాంటి జాత్యహంకార ముఠాకే నాయకుడై, తర్వాత బయటపడ్డ ఆర్నో మైకేలిస్‌తో. ఇద్దరూ కలిసి బడిపిల్లలతో పనిచేశారు, 2018లో పుస్తకం రాశారు. ఆ గురుద్వారాలో ప్రార్థనా మందిరం ద్వారబంధానికి గుండు దిగిన రంధ్రం ఒకటి అలాగే ఉంచారు. పక్కన చిన్న ఫలకం మీద 'మనమంతా ఒక్కటే' అన్న మాట, ఆ తేదీ. పగ వద్దనుకున్నారే గాని జరిగింది మరవాలని వాళ్లేమీ అనుకోలేదు.

ఇక మళ్లీ ఆ బామ్మ సంగతి. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమనడం మంచి అలవాటే, మానక్కర్లేదు. కానీ కళ్లు పోతాయన్న చోట అట్లాంటా మనవడు తలెత్తి, "వై, బామ్మా?" అంటాడు. ఆవిడ చిన్నప్పుడు వాళ్లమ్మను ఆ మాట అడిగి ఎరగదు. పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, పాలు తాగమంటుంది.